ఎర్రిస్ పటంలో నేను చెరిపేసిన ఇళ్ళు

నేను ఒక ఊరిని చెరిపేశానని నాకు తెలిసింది ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆఫీసు క్యాంటీన్‌లో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా.

మా టీమ్ లీడ్ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. బెంగాలీ ఆయన, నెమ్మదస్తుడు. మేమంతా దాదా అంటాం.

"తిన్నాక ఒకసారి ఎర్రిస్ ఫైలు తెరువు. ఐర్లండ్ నుంచి మెయిల్ వచ్చింది. ఒక చోట ఇళ్ళుండాలట, మనం పంపిన దాంట్లో లేవట" అన్నాడు.

తేలిగ్గానే తీసుకున్నాను. ఏ చోటని అడిగాను. ఆయన చెప్పిన పేరు వినగానే గుర్తొచ్చింది, దాన్ని శుభ్రం చేసింది నేనే. అక్కడ ఇళ్ళు లేవు. ఉన్నది కాగితానికి పట్టిన బూజు. ఆ మాటే ఆయనకు చెప్పి అన్నం కలుపుకున్నాను.

మా ఆఫీసు కలకత్తా సాల్ట్ లేక్‌లో, ఐదో సెక్టారులో. పాత పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం మా పని. ఎక్కడెక్కడి పటాలో స్కాన్ చేసి పంపుతారు. మేం వాటి మీది మరకలు, మడత గీతలు, పురుగు కొట్టిన చుక్కలు తీసేసి, హద్దుల మీదుగా కొత్త గీతలు గీసి, పేర్లు టైపు చేసి తిరిగి పంపుతాం. ఖిదిర్‌పూర్ రేవులో మూటలు మోసిన శ్రీకాకుళం మనిషికి మనవరాలిని నేను. ఏసీ గదిలో కూర్చుని ఐర్లండ్ నేలకు హద్దులు గీస్తున్నానంటే మా వీధిలో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాదు.

ఆ దేశాన్ని పూర్వం కౌంటీలుగా, కౌంటీలను బారనీలుగా, బారనీలను పారిష్‌లుగా, పారిష్‌లను టౌన్‌లాండ్‌లుగా విడగొట్టారు. బారనీ అంటే పరగణా లాంటిదనుకోవచ్చు. మా పక్క జిల్లా పేరులో ఇరవై నాలుగు పరగణాలున్నాయి గదా, అవి ఏవేవో చెప్పమంటే చెప్పగలిగే వాళ్ళు ఎందరుంటారు? బారనీ సంగతీ అంతే. ఐరిష్ తెగల పెద్దలు ఏలుకున్న నేలను నార్మన్ దొరలు గెలుచుకుని పంచుకున్నప్పటి హద్దులు చాలావరకు అవి. తర్వాత ఆంగ్లేయులు పన్ను వసూళ్ళకూ రోడ్లు వేయడానికీ వాటినే వాడుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వాటితో పని తీరిపోయింది, పేర్లు మాత్రం భూమి దస్తావేజుల్లో మిగిలాయి. అన్నిటికంటే చిన్నది టౌన్‌లాండ్. పేరులో టౌన్ ఉన్నా పట్నం కాదు. కొన్ని పొలాలు, ఒక దిబ్బ, ఒక వాగు, అంతే. కానీ అక్కడి వాళ్ళు ఇప్పటికీ తమది ఫలానా టౌన్‌లాండ్ అనే చెప్పుకుంటారు.

నా వంతుకు వచ్చిన బారనీ ఎర్రిస్. మేయో కౌంటీకి వాయవ్యపు మూల. పడమర, ఉత్తరం రెండు వైపులా అట్లాంటిక్. తూర్పున టిరాలీ బారనీ, దక్షిణాన బరిషూల్. లోపలంతా చెట్టు లేని చిత్తడి నేల, అక్కడి నల్లమట్టిని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకుంటారు. సముద్రం వైపు ముల్లెట్ అనే పొడుగాటి నేల, సన్నటి మెడతో ఒడ్డుకు అంటుకుని ఉంటుంది. ఆ మెడ మీద బెల్‌ముల్లెట్ అనే చిన్న పట్నం. ఐదు నెలలు దాన్నే చూశాను. కళ్ళు మూసుకుంటే ఖిదిర్‌పూర్ గల్లీల కంటే ముందు ఎర్రిస్ వాగులు కనబడే స్థితికి వచ్చాను.

ఎర్రిస్‌కు పటాలు రెండు వచ్చాయి. మొదటిది 1830ల చివర్లో బ్రిటిష్ సైన్యపు కొలతల దళం గీసింది. మైలుకు ఆరంగుళాల లెక్కన, ప్రతి గోడ, ప్రతి పాక పడేలా. ఐర్లండ్‌లో కొలతకు చేయించిన లోహపు కడ్డీల లాంటివే ఆ రోజుల్లో కలకత్తాకూ తెచ్చి బరాక్‌పూర్ రోడ్డు మీద వరసగా పరిచి కొలిచారట. ఆ కొలతకు కట్టిన గోపురాలు ఆ రోడ్డు పక్కన ఇప్పటికీ ఉన్నాయి, బస్సులోంచి చూడొచ్చు. రెండో పటం అరవై ఏళ్ళ తర్వాతది, ఇంకా వివరమైనది. మా పద్ధతి ఏమిటంటే, మొదటి పటాన్ని శుభ్రం చేసేటప్పుడు రెండోదాన్ని అడుగున పరుచుకుంటాం. మొదటి దాంట్లో ఏదైనా మరకో ఇల్లో తెలియకపోతే రెండోదాన్ని చూసి తేల్చుకుంటాం.

ఆ టౌన్‌లాండ్‌లో నేను చేసింది అదే. సముద్రానికి దగ్గర్లో వాలు మీద నల్లటి చుక్కల గుంపు ఒకటి ఉంది. వేరే చోట్ల ఇళ్ళు రోడ్డు వెంబడి ఒకటొకటిగా ఉంటాయి. ఇవి ఒకదాని మీద ఒకటి పడ్డట్టు, వంకరటింకరగా, వరసా క్రమమూ లేకుండా ఉన్నాయి. ఆ కాగితం అంచునిండా బూజు. అడుగున ఉన్న పటం చూశాను. ఖాళీ మైదానం, గొర్రెల దొడ్డి ఒకటి, ఇంకేమీ లేదు. బూజే అనుకుని తెర మీద చెరిపే బ్రష్ పెద్దది చేసి నాలుగు సార్లు తిప్పాను. పోయాయి. అర నిమిషం కూడా పట్టలేదు.

అన్నం తిని వచ్చి అసలు స్కాన్ తెరిచి, ఎన్నడూ చేయనంత పెద్దది చేసి చూశాను. చుక్కలకు మూలలున్నాయి. బూజుకు మూలలుండవు. ప్రతిదీ కాస్త పొడుగ్గా, చిన్న దీర్ఘచతురస్రం. కొన్నిటి పక్కన గోరంత పెరడు. మధ్యలో సన్నటి చుక్కల గీత, నడిచే దారి. ఎవరో సైనికుడు ఆ వాలు మీద నిలబడి ఒక్కొక్క ఇంటినీ కొలిచి, కలం ముంచి గీశాడు. దాదా వెనక నిలబడి చూసి, "అరే" అని మాత్రం అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వీడియో కాల్ పెట్టారు. మెయిల్ రాసింది ఆ ప్రాంతపు మనిషి, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన డెబ్భై దాటిన ఆవిడ. జీతం లేకుండా ఆ పటాలు సరిచూస్తోంది. తిడుతుందని సిద్ధపడి కూర్చున్నాను. నేనే ముందు తప్పు ఒప్పుకున్నాను, కింది పటంలో ఇళ్ళు లేవు గనక మొదటి నుంచీ లేవనుకున్నానని చెప్పాను.

"మీ మీద నాకు కోపం లేదు" అంది ఆవిడ. "రెండో పటం చూసిన వాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు. అలా అనుకోవాలనే చేశారు కూడా."

అర్థం కాలేదన్నాను.

"బంగాళాదుంపకు తెగులు వచ్చిన కరువు మీకు తెలుసా?"

పేరు విన్నానన్నాను.

"ఆ కరువులో, నట్టచలికాలంలో, ఆ నేల దొర ఊరిని ఖాళీ చేయించాడు. మేతకు నేల కావాలని. సైనికులు కాపలా నిలబడితే దొర మనుషులు పైకెక్కి కప్పులు లాగేశారు. గోడలు తోశారు. పక్క ఊళ్ళ వాళ్ళు వీళ్ళను ఇంట్లోకి రానివ్వకూడదని ఆజ్ఞ. గోడల పక్కన గడ్డి కప్పుకుని కూర్చున్నారట. ఎంతమంది బతికారో నాకు తెలియదు. మా నాయనమ్మకు నాయనమ్మ బతికింది. అప్పటికి ఏడేళ్ళ పిల్ల." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అక్కడ ఇప్పుడు రాయి మీద రాయి లేదు. ఒక ఊరుండేదని చెప్పడానికి ఆ మొదటి పటం తప్ప మాకు కాగితం లేదమ్మా."

ఒకసారి మనుషులు చేసిన పనిని నేను మళ్ళీ చేశాను, చల్లటి గదిలో కూర్చుని, టీ తాగుతూ. వెయ్యి మైళ్ళో ఐదు వేల మైళ్ళో అవతలి సంగతి అని సర్దిచెప్పుకోబోయాను గానీ మనసు వినలేదు. ఆవిడే మాట మార్చి, "మీరు కలకత్తాలోనే పుట్టారా?" అని అడిగింది. అవునన్నాను. ఇప్పుడుంటున్న ఏక్‌బాల్‌పూర్‌లోనే అన్నాను. మా అమ్మ నాకు చెప్పింది అదే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది. నాన్న పోయాక మేమిద్దరమే. అమ్మ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేసి దిగిపోయింది. నడుం వంగినా చేతులు మాత్రం ఊరుకోవు.

"ఏటే, మొకం అలాగున్నాది?" అంది.

పక్కన కూలబడ్డాను. "ఒక ఊరిని సెరిపీసినానమ్మా" అన్నాను.

"ఊరిని సెరిపీడమేటి?"

చెప్పాను. పటం, చుక్కలు, దొర, సైనికులు, కప్పులు లాగేయడం. ఇలాంటి సంగతులు చెబితే అమ్మ సాధారణంగా ఊ కొడుతూ మధ్యలో కూర సంగతి అడుగుతుంది. ఈసారి ఊ కొట్టడం ఆగిపోయింది. చూస్తే చేతిలో రొయ్య అలాగే ఉంది.

"అప్పుడు వోన పడతన్నాదా?" అని అడిగింది.

"సలికాలమట. వోన కూడా పడే ఉంటాది."

"పిల్లలున్నారా?"

"ఉండరేటి? ఊరన్నాక."

అమ్మ రొయ్యను గిన్నెలో పడేసి, చేతులు చీరకు తుడుచుకుంది. నావైపు చూడలేదు.

"నీకొక అక్క ఉండేది" అంది.

నాకు వినబడింది. కానీ ఆ మాట ఎవరి గురించో తెలియలేదు. పక్కింటి వాళ్ళ గురించి అనుకున్నాను. "ఎవరికి?" అన్నాను.

"నీకే. మూడేళ్ళ గుంట."

ముప్పై నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఒక్కదాన్నే బిడ్డనని పెరిగాను. గోడ మీద ఫోటో లేదు. ట్రంకు పెట్టెలో గౌను లేదు. నాన్న చివరి రోజుల్లో జ్వరంలో ఏవేవో పలవరించాడు గానీ ఆ మాట మాత్రం ఆయన నోటి వెంట రాలేదు. అమ్మ నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయింది, నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నాను.

మేం మొదటి నుంచీ ఏక్‌బాల్‌పూర్ వాళ్ళం కాదట. రేవు రైలుపట్టాల పక్కన శ్రీకాకుళం వాళ్ళ పాకలు రెండు వరసలు ఉండేవట. తాత వేసిన పాక అందులో ఒకటి. కంటైనర్లు పెట్టడానికి జాగా కావాలని ఖాళీ చేయమన్నారు. ఎప్పుడూ అనే మాటే గదా అని ఎవరూ కదల్లేదు. ఒక వానాకాలం పొద్దున్న యంత్రం వచ్చింది.

"నాను నిండు సూలింతని. నువ్వు కడుపులో. అన్నం పొయ్యి మీదున్నాది, దించుకోనీనేదు. మీ నాన్న గుంటనెత్తుకున్నాడు, నాను కుండలట్టుకున్నాను. అంతే. వెనక్కి సూసేసరికి నేల సాపుగా ఉన్నాది."

కాలవ గట్టు మీద టార్పాలిన్ కట్టుకుని ఉన్నారట. వాన తెరిపివ్వలేదు. పిల్లకు జ్వరం పట్టుకుంది. బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు క్వార్టర్‌లో ఉండే మా అత్త, నాన్నకు అక్క, వచ్చి, మా ఇంట్లో కప్పయినా ఉంది ఇయ్యి అని పిల్లను తీసుకుపోయింది. తర్వాత అమ్మకు నొప్పులు వచ్చాయి. ఆసుపత్రిలో నేను పుట్టాను.

"నాలుగో దినం మీ అత్త వొచ్చి సెప్పినాది. నువ్వు పుట్టిన రోజునే అది ఎలిపోనాదని. నువ్వు ఇటొచ్చినావు, అది అటెల్లినాది." అమ్మ గొంతు మామూలుగానే ఉంది. "నీ పుట్టిన్రోజుకి నానెప్పుడూ పాయసం ఒండనేదు. నువ్వు సిన్నప్పుడు ఏడిసీదానివి. ఎలాగొండుతాను సెప్పు?"

"మరి నాకెందుకు సెప్పనేదమ్మా?"

"సెప్తే ఏటి సేస్తావు? పుట్టినందుకు ఏడుస్తావు."

రొయ్యల వాసన, పక్కింట్లో టీవీ మోత, కింద రిక్షా గంట, అన్నీ మామూలుగానే ఉన్నాయి. నాకు మాత్రం కూర్చున్న నేల ఎవరిదో అనిపించింది. ఎవరో లేచి వెళ్ళిన చోట నన్ను కూర్చోబెట్టారని. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి అమ్మ మిగతా రొయ్యలు వలుస్తోంది.

గురు, శుక్రవారాలు ఆఫీసులో ఇంకో పని ముట్టలేదు. అసలు స్కాన్ పరుచుకుని ఆ ఊరి ఇళ్ళను ఒక్కొక్కటే గీశాను. ప్రతి ఇంటికీ నాలుగు మూలలు. పెరళ్ళు గీశాను. దారి గీశాను. దాదా రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. పంపించాక ఆ టీచరమ్మ ఒక్క వాక్యం రాసింది, అందరూ ఇంటికి వచ్చారని. అది చదివి నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఆదివారం పొద్దున్న అమ్మ చీర మార్చుకుని నిలబడింది. "మీ అత్త కాడికెల్దాం. దాన్నెక్కడ పెట్టినారో నాను అడగనేదు ఇన్నాళ్ళూ" అంది.

మాజేర్‌హాట్‌లో బడ్జ్ బడ్జ్ రైలెక్కాం. అత్తకు ఎనభై దాటాయి. మిల్లు క్వార్టర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. మమ్మల్ని చూసి సంబరపడి, మంచం మీద దుప్పటి సర్ది కూర్చోమంది. అమ్మ కూర్చోలేదు.

"ఒదినా, గుంటని ఎక్కడ పెట్టినారు?"

అత్త నావైపు చూసింది. దీనికి తెలుసా అని అడిగినట్టు. తెలుసన్నట్టు తలాడించాను.

"గంగ ఒడ్డున. మిల్లు రేవు పక్కన. మీ ఆయనా మా ఆయనా ఎల్లినారు. ఇప్పుడక్కడ గోడ కట్టీసినారు, ఎల్లడానికి దారి నేదు" అంది అత్త. తర్వాత, ఎవరూ అడక్కుండానే, "నీకో మాట సెప్పాల. నాను పోయేలోగా సెప్పాల. అది ఈ గుంట పుట్టిన రోజున పోనేదు" అంది.

అమ్మ మంచం వైపు ఒక అడుగు వేసింది.

"రెండు దినాల మునుపే పోనాది. నీకు అప్పటికి నొప్పులు రానేదు. టార్పాలిన్ కిందున్నావు. సెప్తే నువ్వూ ఎలిపోతావు, కడుపులోదీ ఎలిపోతాదని మీ ఆయన నా కాళ్ళట్టుకున్నాడు. బిడ్డ పుట్టేక సెప్దామన్నాడు. పుట్టేక సెప్పినాం, కానీ మునుపే పోనాదంటే ఎందుకు సెప్పనేదని అడుగుతావు గదా. అందుకే ఆ రోజే అని సెప్పీసినాం. తరవాత దిద్దుకోడానికి నోరు రానేదు."

నేను అమ్మనే చూస్తున్నాను. ఆ ముఖంలో నేను ఎన్నడూ చూడని మార్పు వచ్చింది. రంగు పోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

"నాను టార్పాలిన్ కింద దానికి గంజి దాసినాను" అంది. "రెండు దినాలూ. మీ తమ్ముడొచ్చి తీసుకెల్తాడని, దానికి పంపాలని, గిన్నెలో దాసినాను. ఆయన తీసుకెల్లినాడు."

అత్త మంచం పట్టెను పట్టుకుని వంగిపోయింది. గిన్నె ఖాళీ చేసి తెచ్చిన నాన్న నాకు కళ్ళ ముందు కనబడ్డాడు. నన్ను భుజం మీద ఎక్కించుకుని రేవు ఓడలు చూపించిన నాన్న. ఆ గంజి ఏం చేశాడో ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

అమ్మ గుమ్మం దాటి బయటికి నడిచింది. వెనకాలే వెళ్ళాను. మిల్లు రేవు దాకా నడిచి, పొడుగాటి గోడ దగ్గర ఆగింది. గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఏడవలేదు. తిరుగు రైల్లో నా మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది, దిగేదాకా తియ్యలేదు.

తర్వాత నెల పైన అమ్మ అత్త పేరెత్తలేదు. అత్త కొడుకు ఫోన్ చేస్తే నాకిచ్చేసేది. నేను ఎవరి పక్షమూ మాట్లాడలేకపోయాను. అబద్ధం చెప్పకపోతే నేనుండేదాన్నో లేదో ఎవరికి తెలుసు. చెప్పినందుకు మా అమ్మ ప్రతి ఏటా తప్పుడు రోజున ఏడ్చింది. రెండూ నిజమే.

ఒక శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. అత్త, ఒక్కతే. ఆ వయసులో రైలెక్కి, ఆటో మారి, మూడు అంతస్తుల మెట్లెక్కి వచ్చింది. ఆయాసంతో మాట రావడం లేదు. గుమ్మంలోనే కూలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. అమ్మ చూసింది. లేచి స్టవ్ మీద టీ పెట్టింది. గ్లాసు తెచ్చి అత్త ముందు నేల మీద పెట్టి, గోడకు ఆనుకుని తనూ కూర్చుంది.

"దానికి ఆ దినం గౌనేటి ఏసినావు?" అని అడిగింది అమ్మ.

"పచ్చది" అంది అత్త. "ఎక్కడి గౌనూ నేదు, అన్నీ తడిసిపోనాయి. నా రవిక గుడ్డ పచ్చది సించి నానే కుట్టినాను. సేతులు పొడుగైపోనాయి దానికి."

"అది సేతులు ముడుసుకుంటాది పొడుగైతే" అంది అమ్మ. "పళ్ళతో లాగుతాది."

"ఎరుగుదును. నా కొంగు కూడా అలాగే లాగీది. నీ దగ్గరున్నప్పుడు ఏటి తినీదే అది? నా దగ్గర బొరుగులు తప్ప ముట్టనేదు."

"బొరుగులే. బొరుగులు, బెల్లం ముక్క."

నేను తలుపు వేసి, వాళ్ళకు కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నాను. మా అక్క ఎలా ఉండేదో వినడం నాకు అదే మొదలు.